నారాయణమ్మ బంకూ, వంద గజాల గీతా

2022 జూలై. చెనిక్కాయ విత్తనాలు మూటల్లో పెట్టుకుని, వాన కోసం జనం ఆకాశం చూస్తున్న రోజులు. నేను అప్పుడు అనంతపురం జిల్లాలో, గార్లదిన్నెకు అవతల ఉన్న ఒక మండలంలో సర్వేయర్‌ని. మండలం పేరు రాయను. ఇందులో వచ్చే పెద్దమనుషులు ఇంకా పెద్దమనుషులుగానే ఉన్నారు, నాకు ఇంకా కొంత సర్వీసు ఉంది.

సర్వేయర్ అంటే గట్టు కొట్లాట వచ్చినప్పుడు టేపు పట్టుకుని వచ్చే మనిషి అని అందరికీ తెలుసు. ఇప్పుడు రోవర్లు వచ్చాయి. రోవర్ అంటే కర్ర మీద నిలబెట్టే చిన్న యంత్రం, ఉపగ్రహాల సాయంతో మనం నిలబడ్డ చోటును అంగుళం తేడాతో చెబుతుంది. అయినా జనానికి టేపు మీదే నమ్మకం. కళ్ళ ముందు సాగదీసి కొలిస్తే తప్ప వాళ్ళకు కొలిచినట్టు ఉండదు. అందుకే నా పై అధికారి ఒకాయన నేను కొత్తగా చేరినప్పుడు ఒక పద్ధతి నేర్పించాడు. ఎవరి వ్యవహారమో, టేపు కొస వాళ్ళ చేతికే ఇవ్వమన్నాడు. రేపు పేచీ పెట్టడానికి ఉండదు, నువ్వే కదా పట్టుకున్నావు అనొచ్చు.

ఇందులో ఒక చిక్కుంది. కొస చేతికి రాగానే మనిషి బుద్ధి మారిపోతుంది. హద్దు రాయి మీద పట్టుకోమంటే రాయికి అవతల పట్టుకుంటారు. నేను వంగి అంకె చూసేలోపల అరడుగు జరుగుతారు. దేవుడి గది ముందు గంటసేపు కూర్చునే మనిషి కూడా జరుగుతాడు. ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాను, జరిగిన ప్రతి ఒక్కరూ తమకు లాభం వచ్చే వైపే జరిగారు. తనకు నష్టం వచ్చే వైపు జరిగిన మనిషిని ఒక్కరినే చూశాను. ఆమె పేరు నారాయణమ్మ.

ఆ నెల మొదట్లో పై నుంచి ఒక కాగితం వచ్చింది. బడికి వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదన్న చట్టం ఎప్పటి నుంచో ఉంది. దాన్ని ఇప్పుడు గట్టిగా అమలు చేయాలని, ప్రతి మండలం నుంచీ కనీసం ఒక దుకాణమైనా తీయించి ఫోటోతో సహా నివేదిక పంపాలని అందులో ఉంది. ‘కనీసం ఒకటి’ అన్న మాట చదివి మా తహసీల్దార్ ప్రాణం కుదుటపడింది. ఎన్ని ఉన్నాయో వెతకమనలేదు, ఒకటి చూపించమన్నారు. మా ఆఫీసుల్లో ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

మీటింగుకు నలుగురం కూర్చున్నాం. తహసీల్దార్, హైస్కూల్ హెడ్మాస్టర్, నేను, పెద్దన్న. పెద్దన్నకు పదవి ఏమీ లేదు. ఆయన లేకుండా మీటింగు కూడా లేదు. ఏ పార్టీ అని అడక్కండి, నేను అక్కడున్న ఎనిమిదేళ్ళలో పార్టీ మారింది గానీ పెద్దన్న కుర్చీ మారలేదు. ఆయన బామ్మర్ది పేరు మీద బడి వెనక వీధిలో ఒక ఏజెన్సీ ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ బంకులన్నిటికీ బీడీలు, సిగరెట్లు అక్కడి నుంచే పోతాయి. గుట్కా మీద నిషేధం ఉంది కాబట్టి అక్కడ గుట్కా అమ్మరు. పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం, రెండూ ఒకే దండలో పక్కపక్కన వేలాడేసి అమ్ముతారు. కొన్నవాడు రెండూ నోట్లో వేసుకుని కలుపుకుంటే అది వాడి సొంత విషయం.

మా వెనక గోడకు అప్పటికే ఫ్లెక్సీ కట్టారు. ‘పొగాకు రహిత మండలమే మన లక్ష్యం’ అని రాసి, మధ్యలో పెద్దన్న నిలువెత్తు ఫోటో, చేతులు జోడించి. సిగరెట్ మీద అడ్డగీత ఉన్న బొమ్మ ఆయన మోచేతి కింద చిన్నగా ఉంది. అడుగున ‘సౌజన్యం’ అని రాసి ఏజెన్సీ పేరు వేశారు.

“వంద గజాలంటే యాడ్నించి యాడికి సార్?” అని పెద్దన్న నన్ను అడిగాడు.

రేడియల్ కొలత అని చెప్పాను. అంటే దారి వెంట కాదు. బడి ప్రహరీ బయటి అంచు నుంచి దుకాణం దాకా నేరుగా, మధ్యలో ఇల్లున్నా చెట్టున్నా లెక్క పెట్టకుండా కొలవాలి. ఏజెన్సీకి బడి గేటు నుంచి రోడ్డు మీద చుట్టి పోతే నూట నలభై గజాలు ఉంటుంది. వెనక గోడ నుంచి నేరుగా చూస్తే ఎంతో ఆ గదిలో అందరికీ అందాజు ఉంది.

“మిద్దెల మీదుగానా? బడిపిల్లోళ్ళు ఏమన్నా కాకులా సార్, ఎగురుకుంటా వచ్చి సిగరెట్లు కొనుక్కోని పోయేకి?” అన్నాడు పెద్దన్న. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మాట బాగుందని ఒప్పుకోవాలి.

“పెద్దన్న మా బడికి మంచినీళ్ళ ప్లాంటు పెట్టిస్తానన్నాడు సార్” అని హెడ్మాస్టర్ సందర్భం లేకుండా గుర్తు చేశాడు. పాపం, ఆయన బడిలో పిల్లలు ఉప్పునీళ్ళు తాగుతున్నారు, ఆయన బాధ ఆయనది. తహసీల్దార్‌కు ప్రమోషన్ దగ్గర్లో ఉంది. నా భార్య తాడిపత్రిలో టీచరు, అక్కడికి బదిలీ కోసం నేను పెద్దన్న చేత ఒక ఫోన్ చేయించుకోవాలని మూడు నెలలుగా చూస్తున్నాను. పైగా నా చొక్కా జేబులో సిగరెట్ పెట్టె ఉంది. పొగాకును తరిమేయడానికి కూర్చున్న ఆ గదిలో దానితో అవసరం లేనివాడు ఒక్కడూ లేడు.

“రోడ్డు మీద నారాయణమ్మ బంకు ఉండాది గదా. అది తీసేస్తే సరిపాయ. ఒకటి అడిగినారు, ఒకటి సూపిస్తాం” అని పెద్దన్న తేల్చేశాడు. కొలత వేయకముందే ఫలితం వచ్చేసింది. నన్ను పోయి కొలిచి రమ్మన్నారు.

నారాయణమ్మ బంకు నాకు బాగా తెలుసు. నాలుగు ఇనుప కాళ్ళ మీద నిలబెట్టిన రేకుల డబ్బా. ముందు ఒక కడప బండ, కూర్చోడానికి. బొరుగులు, చెనిక్కాయ ఉండలు, సబ్బులు, బీడీలు, సిగరెట్లు. ఆమెకు అరవై దాటాయి. మొగుడు గంగన్న తాడిపత్రిలో బండల పాలిష్ పని చేసేవాడు, రెండేళ్ళ క్రితం పోయాడు. ఆమె బతుకంతా ఆ రేకుల డబ్బాలోనే ఉంది. నేను సిగరెట్లు కొనేది కూడా అక్కడే.

మరుసటి రోజు పొద్దున ఏడింటికే నా చైన్‌మన్ నాగరాజును తీసుకుని పోయాను. చైన్‌మన్ అంటే టేపు లాగి, రాళ్ళు పాతే సహాయకుడు, నాకంటే రెండేళ్ళు పెద్దవాడు. మా టేపు ముప్పై మీటర్లు. వంద గజాలంటే తొంభై ఒకటిన్నర మీటర్లకు కాస్త తక్కువ. బడి గోడ మూల నుంచి మూడు నిండు టేపులు లాగి సున్నం గుర్తు పెట్టాం. మిగిలిన ముక్కకు కొస నారాయణమ్మ చేతికిచ్చి, బంకు ముందు కాలుకు ఆనించి పట్టుకోమన్నాను.

వంగి చూస్తే మూడున్నర మీటర్లు దాటింది. కలిపితే తొంభై మూడు పైన. బంకు వంద గజాలకు అవతలే ఉంది. అలవాటు కొద్దీ తలెత్తి చూశాను. నారాయణమ్మ బంకు దగ్గర లేదు. రెండు అంగలు ముందుకొచ్చి, కొస కొంగు చాటున పట్టుకుని, ఏమీ ఎరగనట్టు రోడ్డు వైపు చూస్తోంది.

“అక్కా, ఎనక్కి పోయి కాలుకు ఆనించు” అన్నాను. పోయింది. నేను వంగగానే మళ్ళీ ముందుకొచ్చింది. మూడోసారి కూడా అదే పని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. “ఏమక్కా, ఆటలాడతాండావా? నాకు ఇంగ వేరే పని లేదనుకుంటివా?” అని అరిచాను.

నాగరాజు నవ్వాడు. “ఇంగ రెండు గజాలు ముందుకొచ్చిందంటే ఆయమ్మ బంకు ఆయమ్మే పీకించుకుంటాది సార్” అన్నాడు.

అప్పుడు గానీ నాకు వెలగలేదు. ఆమె కొలత తగ్గిస్తోంది. గీత లోపలికి రావాలని చూస్తోంది. పెద్దన్న ముందే వచ్చి బెదిరించి ఉంటాడని అనుకున్నాను. నాగరాజుకు రోవర్ ఇచ్చి వెనక వీధికి పంపి, నేను బంకు ముందు బండ మీద కూర్చున్నాను.

“పెద్దన్న ఏమన్నా అన్నాడా అక్కా?”

“వాడు నన్నేమంటాడు? వాడు సెడ్డీ లేకుండా తిరిగేటప్పుడు ఎత్తుకున్నదాన్ని నేను” అంది. బీడీ కట్టల డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది.

“మా ఆయన్ని నలుగురు మోసినారు సార్. రామాంజి, ఓబులేసు, దావీదు, ఎర్రిస్వామి. నలుగురూ తాడిపత్రిలో ఆయనతో పాటు బండలు పాలిష్ చేసినోళ్ళే. నలుగురూ బీడీలు నా కాడే కొనేది. పోయినేడు ఎర్రిస్వామి పోయినాడు. మా ఆయనకు వచ్చినట్టే, దవడ లోపల పుండు. మా ఆయనకు బీడీ కట్ట ఇచ్చింది నేనే, ఎర్రిస్వామికి ఇచ్చిందీ నేనే. ఇంగ ముగ్గురుండారు.”

చెయ్యి చాపి నాకు చూపించింది. మామూలు చెయ్యి, సబ్బు తగిలి తెల్లబడిన వేళ్ళు. “వాళ్ళను గూడా ఈ చేత్తోనే పంపియ్యల్లా?” అంది.

“అమ్మేది మానేయొచ్చు గదా అక్కా” అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది. నా జేబులో ఉన్న పెట్టె కూడా ఆమె ఇచ్చిందే.

“యాడ మానేది? రామాంజి వచ్చి ‘వదినా, ఒక కట్ట’ అంటాడు. మా ఆయన నడ్సలేనప్పుడు ఈపున ఏసుకోని బస్సు కాడికి మోసుకపోయినోడు. వానికి లేదని యా నోటితో చెప్పేది? మానుకోమంటే నగుతాడు. గట్టిగా చెప్తే మొగమాటపడి ఇంగ ఈ తట్టే రాడు. సాయంత్రమైతే ముగ్గురూ వచ్చి ఈ బండ మీద కూసుంటారు సార్. వాళ్ళు రాకపోతే నాకు మాట్లాడేకి ఎవురుండారు? గవర్మెంటే వద్దన్నాదనుకో, నా తప్పేం లేదు. వాళ్ళకు కోపం రాదు. బీడీలు పోతాయి, మనుషులు ఉంటారు.”

నేను ప్రభుత్వ ఉద్యోగిని. ప్రభుత్వం మీద అంత ఆశ పెట్టుకున్న మనిషిని అంతకుముందు చూడలేదు. కానీ ఆమెకు తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు, అది చెప్పక తప్పదు.

“అక్కా, గీత లోపల పడితే బీడీలొక్కటే తీసి ఊరుకోరు. జేసీబీ తెచ్చి బంకే ఎత్తుకోని పోతారు.”

“బంకెందుకు? వద్దనేది బీడీలు గదా?”

“వాళ్ళకు ఫోటో కావల్ల. బీడీలు ఎత్తుకపోతే ఫోటోలో కనపడవు. బంకు ఎత్తితే బాగా కనపడ్తాది.”

ఆమె అట్లాగే బండ మీద నా పక్కన కూలబడింది. బొరుగుల సంచుల వైపు, సబ్బుల వైపు, రేకుల వైపు ఒకసారి చూసుకుంది. కాసేపటికి తనే లేచి, టేపు కొస తీసుకుని, వెనక్కి పోయి బంకు కాలుకు ఆనించి పట్టుకుంది. ఈసారి జరగలేదు. తొంభై అయిదు మీటర్ల పది సెంటీమీటర్లు. అంటే నూట నాలుగు గజాలు. ఆమె చట్టానికి నాలుగు గజాలు అవతల ఉంది. నేను రాసుకుంటుంటే, “ఇంగ మళ్ళీ సాయంత్రం కట్ట ఇయ్యల్ల” అని తనలో తాను అనుకుంది. ఆ మాట నన్ను ఆ రోజంతా వదల్లేదు.

వెనక వీధిలో నాగరాజు పాయింట్లు తీసుకున్నాడు. గోడ నుంచి ఏజెన్సీకి నేరుగా యాభై అయిదు మీటర్ల ఎనభై. అరవై ఒక్క గజాలు. రెండు అంకెలూ స్కెచ్ మీద వేశాను. స్కెచ్ అంటే కొలతలతో గీసే పటం, దాని కింద సాక్షులు సంతకాలు పెడతారు. పది గంటలకు తెల్ల చొక్కాలో పెద్దన్న వచ్చాడు. వెంట ఒక విలేకరి. పెద్దన్న స్కెచ్ అందుకుని, బడి గోడ ముందు నిలబడి, దాన్ని శ్రద్ధగా చూస్తున్నట్టు ఒక ఫోటో, సంతకం పెడుతున్నట్టు ఇంకో ఫోటో తీయించుకున్నాడు. రెండో ఫోటో కోసం సంతకం నిజంగానే పెట్టాడు. అంకెలు మీటర్లలో ఉన్నాయి, చట్టం గజాల్లో ఉంది, ఆయన కెమెరా వైపు చూస్తున్నాడు. హెడ్మాస్టర్ కూడా సంతకం పెట్టాడు. నేను నోరు మెదపలేదు. ధైర్యం కాదది, భయం. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

కాగితం మీద నిజం రాయడానికి నీతి ఒక్కటే కారణం అని చెప్పుకోను. సర్వేయర్ రాసింది వందేళ్ళు ఉంటుంది. ఎప్పుడో ఎవడో మళ్ళీ టేపు లాగి చూస్తాడు. నోటి మాటను అట్లా ఎవడూ లాగి చూడడు. మధ్యాహ్నమంతా ఈ సంగతే ఆలోచించాను.

సాయంత్రం అయిదున్నరకు మళ్ళీ బంకు దగ్గరికి పోయాను. ముగ్గురూ అప్పుడే వచ్చి బండ మీద సర్దుకుంటున్నారు. రామాంజి బక్కగా, పొడుగ్గా, మాట మాటకూ దగ్గుతాడు. ఓబులేసు చెవి వినపడదు కాబట్టి అందరూ అతనితో అరిచి మాట్లాడతారు. దావీదు చేతిలో ఎప్పుడూ చర్చి పాటల పుస్తకం ఉంటుంది. ముగ్గురి గోళ్ళలోనూ ఇంకా బండల పొడి కనిపిస్తుంది. రామాంజి “వదినా” అని చెయ్యి చాపాడు. నారాయణమ్మ డబ్బా మీద చెయ్యేసి ఆగిపోయింది.

నేను సంచిలోంచి స్కెచ్ తీసి, విప్పి, వీలైనంత సర్కారు గొంతుతో అన్నాను. “ఎవురూ ముట్టుకోవద్దండి. పొద్దున కొలిచినాం. ఈ బంకు బడికి వంద గజాల లోపల ఉండాది. ఈ రోజు నుంచి ఈడ బీడీ ఒక్కటి అమ్మినా నారాయణమ్మ మీద కేసు. పాతామె కదాని బంకు వరకు వదిలిపెట్టినాం. అంతే.”

ఓబులేసుకు వినపడలేదు. దావీదు అతని చెవిలో అరిచి చెప్పాడు. రామాంజి నన్ను చూశాడు, బడి గోడ వైపు చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. నా చెవులు వేడెక్కాయి. “కేసంటే జైలా సార్?” అన్నాడు.

“జైలు గూడా ఉండొచ్చు” అన్నాను. ఆ చట్టంలో జుర్మానా తప్ప జైలు లేదని నాకు తెలుసు. అబద్ధం మొదలుపెట్టాక పొదుపు చేయడం దేనికి?

“అయితే వద్దులే వదినా. నువ్వు జైలుకు పోతే మాకు బొరుగులు ఎవురిస్తారు?” అన్నాడు రామాంజి, చెయ్యి వెనక్కి తీసుకుని. నారాయణమ్మ మూడు పొట్లాలు కట్టి ముగ్గురికీ బొరుగులు ఇచ్చింది.

పని అయిపోయిందన్న సంతోషంలో నేను ఒళ్ళు మరిచి, రోజూ లాగే, “అక్కా, నాదొక సిగరెట్” అన్నాను.

“కేసయితాది సార్” అంది నారాయణమ్మ. ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వారు. రామాంజి నవ్వి నవ్వి దగ్గాడు. ఆ చట్టం కింద మా మండలంలో మొదట సరుకు దొరక్కుండా పోయింది నాకే.

స్కెచ్ తహసీల్దార్ టేబుల్ మీదికి పోయాక జరిగింది మీరు ఊహించగలరు. ఎవరో మీటర్లను గజాల్లోకి మార్చారు. నన్ను పిలిపించి ఒక్క అంకె మార్చమన్నారు. పెద్దన్న సంతకం ఉందని చూపించాను. ఆయన సంతకం పెడుతున్న ఫోటో అప్పటికే పేపర్లో వచ్చేసింది, స్కెచ్ కూడా అందులో కొంచెం కనిపిస్తోంది. పెద్దన్న నా వైపు చాలాసేపు చూసి, “నువ్వు శానా మంచోడివి సార్” అన్నాడు. ఆ మాట అంత భయంకరంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ప్రభుత్వానికి తెలివి లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గీతను జరపలేరు, ఏజెన్సీని జరపరు. మిగిలింది గోడ. బడి వెనక ఖోఖో ఆడే స్థలాన్ని ‘రాబోయే గ్రంథాలయం కోసం’ వేరు చేసి, దానికి ఇవతల కొత్త ప్రహరీ కట్టించారు. ఏళ్ళ తరబడి మరుగుదొడ్ల కోసం ఉత్తరాలు రాసిన హెడ్మాస్టర్ కళ్ళ ముందు ఆ గోడ ఆరు వారాల్లో లేచింది. కాంట్రాక్టు కూడా ఏజెన్సీ ఉన్న బామ్మర్దికే. కొత్త గోడ నుంచి కొలిస్తే ఏజెన్సీ చట్టానికి బయట పడింది. మళ్ళీ కొలవడానికి పక్క మండలం సర్వేయర్‌ను పిలిపించారు. నన్ను ప్రజా ప్రయోజనం దృష్ట్యా కణేకల్ వైపు వేశారు. తాడిపత్రి ఒక దిక్కు, కణేకల్ ఒక దిక్కు. నా భార్య వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, తర్వాత సంగతంతా విని, “ఆమెకు బీడీలు అమ్మే బాధ తప్పిందా?” అని అడిగింది. తప్పిందన్నాను. “పోనీలే” అంది.

మండలం నివేదికలో ‘కనీసం ఒకటి’ కింద ఏం రాశారో నాగరాజు ఫోన్లో చదివి వినిపించాడు. శ్రీమతి నారాయణమ్మ, బంకు యజమాని, అధికారుల కృషి ఫలితంగా పొగాకు అమ్మకం స్వచ్ఛందంగా మానుకున్నారు. ఆ నివేదికలో నిజం ఆ ఒక్క వాక్యమే, అందులో కూడా అధికారుల కృషి అన్నది తీసేయాలి.

ఏడాదిన్నర తర్వాత ఒక పాత గట్టు తగాదాలో సాక్ష్యం చెప్పడానికి ఆ ఊరు పోవాల్సి వచ్చింది. సాయంత్రం బస్సుకు ఇంకా టైముంది. బంకు అక్కడే ఉంది. నారాయణమ్మ నన్ను చూసి గబగబా బయటికొచ్చి, రెండు చెనిక్కాయ ఉండలు చేతిలో పెట్టి, చెవి దగ్గర మెల్లగా అంది. “గీత మన దాకా రాలేదని వాళ్ళకు చెప్పొద్దు నాయనా. ఇంగా నమ్ముతాండారు.” నీళ్ళు తెస్తానని వెనక ఇంటికి పోయింది.

అప్పటికి రామాంజి ఒక్కడే బండ మీద ఉన్నాడు. దగ్గు కాస్త తగ్గినట్టుంది. పక్కన కూర్చున్నాను. బీడీలు మానేశావా అని అడిగాను.

“మొత్తం మానల్యా సార్. ఏజెన్సీ దాకా పోయి తెచ్చుకోవల్ల, ఆ మిట్ట ఎక్కేకి ఆయాసమొస్తాది. దినానికి కట్ట తాగేటోణ్ణి మూడు బీడీలకొచ్చినా. దావీదు మానేసినాడు. ఓబులేసు గూడా మానేసినానంటాడు, వానికి మనం అడిగింది వినపడిందో లేదో తెల్దు.” నవ్వి, గొంతు తగ్గించాడు. “ఆ పాత గోడ కట్టేటప్పుడు బండలు మోసినోణ్ణి నేనే సార్. ఆ మూల నుంచి ఈడికి నూరు గజాలు దాటతాదని నాకు తెల్దా? ఆ పొద్దు నువ్వు కాగితం పట్టుకోని చెప్తాంటే నీ మొగం చూసినా.”

“తెలిసి గూడా ఊరికే ఉన్యావా?”

“ముగ్గురమూ ఆ పొద్దే మాట్లాడుకుంటిమి. ఎర్రిస్వామి పోయినకాన్నుంచీ కట్ట ఇచ్చేటప్పుడు వదిన మా మొగం చూసేది కాదు సార్. వద్దని చెప్పేకి ఆయమ్మకు నోరు రాదు, మానుకునేకి మాకు సాతగాదు. నువ్వొచ్చి జైలంటివి. సరే, నమ్మినట్టుంటే ఆయమ్మ నిమ్మళంగా ఉంటాది గదా అనుకున్నాం.” నారాయణమ్మ చెంబుతో వస్తుండటం చూసి తొందరగా అన్నాడు. “మాకు తెలుసని వదినకు చెప్పొద్దు సార్.”

ఆమె ఇచ్చిన నీళ్ళు తాగాను. ఇద్దరికీ మాటిచ్చి బస్సెక్కాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను, దాచుకోవడం దేనికి. చాలా ఏళ్ళుగా జేబులో ఉన్న పెట్టెను ఆ రాత్రి నుంచి కొనలేదు. రెండుసార్లు తప్పాను, మళ్ళీ మానేశాను.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరే పిల్లలు నన్ను అనుభవాలు చెప్పమంటే, కొలత సరిగ్గా వేయండి, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాయండి అనే చెబుతాను. దాంతో పాటు ఇంకొకటి కూడా చెబుతాను. చట్టాన్ని తమకు అనువుగా జరుపుకునేవాళ్ళు మీకు రోజూ కనిపిస్తారు, అలవాటైపోతుంది. కానీ కొస పట్టుకున్న మనిషి ఎందుకు జరిగాడో ఒకసారి అడగండి. నేను అరిచి ఊరుకుని ఉంటే, ఒక ముసలామె పెద్దన్నకు భయపడిందని అనుకుని వచ్చేసేవాణ్ణి. పక్కన కూర్చుని అడిగాను కాబట్టి తెలిసింది. ఈ సంగతి ఇప్పుడు రాస్తున్నానంటే, నారాయణమ్మకూ ఓబులేసుకూ చదవడం రాదు, రామాంజి కంటిచూపు అంతంతమాత్రం, దావీదు పాటల పుస్తకం తప్ప ఇంకేదీ చదవడు. నా మాట పోదని నా ధైర్యం.

పోయిన నెల నారాయణమ్మకు ఫోన్ చేశాను. ఎట్లా ఉన్నావక్కా అని అడిగాను. తన ఆరోగ్యం సంగతి చెప్పలేదు, బంకు సంగతీ చెప్పలేదు.

“ముగ్గురూ ఉండారు సార్” అంది.